ప్రయోగ విమానములు - పరీక్షా వైమానికులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామములో గ్రంథాలయము తలుపు మూతపడకుండ నడచుట సామాన్య విషయము కాదు. పత్రికలకు చందా కట్టినవారు, చినిగిన పుస్తకములకు అట్టలు వేసినవారు, ప్రతి సాయంకాలము బల్లలు తుడిచి దీపము పెట్టినవారు ఎందరో ఉన్నారు. ఈనాటి పండుగ వారందరి శ్రమకు ఫలము. 

ప్రయోగ విమానములను గూర్చి, వాటిని మొట్టమొదట నడపిన పరీక్షా వైమానికులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. నేను వైమానికుడను కాను. పుస్తకములు చదివి తెలిసికొన్నవాడను మాత్రమే. గ్రంథాలయ సభలో మాటలాడుటకు ఆ యోగ్యత చాలునని తలచుచున్నాను.

నిన్న సాయంకాలము ఈ గ్రంథాలయము అరుగు మీద కూర్చుండి మాటలాడుకొనుచుండగా, నా ప్రసంగ విషయము విని ఒక వృద్ధులు నన్నిట్లడిగిరి: "నాయనా, ఎగురునో కూలునో తెలియని యంత్రములో కూర్చుండి పైకి పోవుట సాహసమందువా? తెలిసి తెలిసి నూతిలో దూకుట కాదా అది? వారికి మాత్రము ఇంటియొద్ద ఆలుబిడ్డలు లేరా?" నాకు వెంటనే సమాధానము తోచలేదు. రాత్రి చాలసేపు ఆలోచించితిని. ఈ ప్రసంగమంతయు ఆ వృద్ధులకు నేను చెప్పుకొను సమాధానమని భావింప వేడెదను.

ముందుగా ప్రయోగ విమానమనగా ఏమో చెప్పుకొందము. ప్రయాణికులను చేరవేయుటకో, సరకులు మోయుటకో కట్టిన విమానము వేరు. ఏదో యొక ప్రశ్నకు సమాధానము తెలిసికొనుటకే కట్టిన విమానము వేరు. ఈ రెండవదియే ప్రయోగ విమానము. మన రైతు కొత్త వంగడమును పొలమంతట చల్లడు. ముందు ఒక్క మడిలో చల్లి, మొలక ఎట్లున్నదో, వెన్ను ఎట్లు వేసినదో, తెగులునకు తట్టుకొన్నదో లేదో చూచును. ఆ మడి వంటిదే ప్రయోగ విమానము. అయితే మడి ఎండిపోయినచో పోవునది కొన్ని గింజలు. విమానము విరిగినచో పోవునది మనిషి. అందుచేతనే వృద్ధుల ప్రశ్నకు అంత బరువున్నది.

జర్మనీ దేశములో ఆటో లిలియెంటాల్ అను ఇంజనీరు ఉండెను. ఆయన పక్షుల రెక్కలను ఏండ్ల తరబడి పరిశీలించెను. ఎట్టి వంపుగల రెక్కను గాలి ఎంత బలముతో పైకెత్తునో కొలిచి, ఆ లెక్కలన్నియు 1889లో ఒక గ్రంథముగా ప్రకటించెను. రెండేండ్ల పిదప తానే రెక్కలు కట్టుకొని దిబ్బల మీదనుండి గాలిలోనికి దూకసాగెను. ఇంజను లేని అట్టి విమానమును గ్లైడరందురు. బెర్లిన్ నగర సమీపమున తన అభ్యాసము కొరకే ఒక మట్టిదిబ్బ వేయించుకొనెను. అయిదారేండ్లలో సుమారు 2,000 పర్యాయములు ఎగిరెను. అన్ని పర్యాయములును కలిపినను ఆయన గాలిలో గడపిన కాలము కొద్ది గంటలు మాత్రమే. 1896 ఆగస్టు 9వ తేదీన గాలి తెర ఒకటి ఎదురు తగిలి గ్లైడరు ముక్కు పైకి లేచి నిలిచిపోయెను. ఆయన సుమారు 50 అడుగుల ఎత్తునుండి పడి, వెన్నెముక విరిగి, మరునాడు మరణించెను. తన శరీరమును అటునిటు ఊపి బరువు మార్చుట తప్ప ఆ యంత్రమును అదుపు చేయుటకు ఆయనకు వేరు సాధనము లేకుండెను.

ఆయన పోయెను గాని ఆయన వ్రాసిన లెక్కలు పోలేదు. ఆ మరణవార్త అమెరికాలోని డేటన్ పట్టణమున సైకిళ్ళు అమ్ముకొనుచు, మరమ్మతు చేయుచు జీవించు ఇద్దరు సోదరులను కదలించెను. వారే విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. ఇద్దరిలో ఎవ్వరును ఉన్నత పాఠశాల పట్టా పుచ్చుకొన్నవారు కారు. 1899 మే 30వ తేదీన విల్బర్ రైట్ వాషింగ్టన్ నగరములోని స్మిత్సోనియన్ విజ్ఞాన సంస్థకు ఒక ఉత్తరము వ్రాసెను. ఎగురుటను గూర్చి ఇదివరకు లోకమునకు తెలిసినదంతయు తాను చదువదలచితిననియు, చదివి తనవంతుగా ఏ కొంచెమైనను దానికి చేర్చవలెనని తన కోరిక యనియు అందు తెలిపెను. ఆ సంస్థవారు కొన్ని చిన్న పుస్తకములను, చదువదగిన గ్రంథముల పట్టికను పంపిరి. లిలియెంటాల్ రచన కూడ వాటిలో నుండెను. మానవుడు ఇంజనుతో ఎగురుటకు పునాది ఒక పుస్తకముల పొట్లమని చెప్పిన అతిశయోక్తి కాదు. గ్రంథాలయ రజతోత్సవమున ఈ సంగతి చెప్పుకొనుట నాకెంతయు సంతోషముగా నున్నది.

అయితే పుస్తకమున నున్నదంతయు వారు గ్రుడ్డిగా నమ్మలేదు. 1901లో వారు కట్టిన గ్లైడరును గాలి, లెక్క ప్రకారము ఎత్తవలసినంత ఎత్తలేదు. లిలియెంటాల్ కొలతలు తప్పేమోయని మొదట అనుమానించిరి. డేటనుకు తిరిగివచ్చి ఆరడుగుల పొడవుగల చెక్కపెట్టె నొకటి చేసి, ఒక ప్రక్కనుండి పంకాతో గాలి వీచునట్లు అమర్చిరి. సైకిలు చక్రముల కమ్మీలు, రంపపు బ్లేళ్ళ ముక్కలు కలిపి సన్నని త్రాసులు చేసిరి. రేకుతో కత్తిరించిన సుమారు 200 చిన్న రెక్కలను ఒక్కొక్కటే ఆ గాలిలో నిలిపి కొలిచిరి. చివరకు తేలినదేమనగా, చనిపోయిన వాని కొలతలు చాలవరకు సరియైనవే. నూరేండ్లకు పైగా అందరును వాడుచున్న ఒక పాత గాలిలెక్కయే తప్పు. తప్పు దిద్దుకొని 1902లో కొత్త గ్లైడరు కట్టి, కిటీ హాక్ ఇసుక దిబ్బల మీద వందల కొలది పర్యాయములు ఎగిరి అదుపు నేర్చుకొనిరి. అటు తరువాతనే ఇంజను పెట్టిరి. 1903 డిసెంబరు 17వ తేదీన ఆర్విల్ రైట్ 12 సెకనులు గాలిలో నిలిచి 120 అడుగులు సాగెను. ఆనాటి నాలుగవ పర్యాయమున విల్బర్ 59 సెకనులలో 852 అడుగులు సాగెను.

మనము 12 సెకనులను మాత్రము జ్ఞాపకముంచుకొందుము. వాటి వెనుకనున్న నాలుగేండ్ల కొలతలను మరచిపోదుము.

అయిదేండ్లకు మరియొక పరీక్ష వచ్చెను. 1908 సెప్టెంబరు 17వ తేదీన వాషింగ్టన్ సమీపమున ఫోర్ట్ మైయర్ మైదానమున సైన్యాధికారుల ఎదుట ఆర్విల్ రైట్ ఎగురుచుండగా, గాలిని కోయు పంకా రెక్క యొకటి చీలి, తోకను బిగించి పట్టిన తీగెను తెంచెను. విమానము కూలిపోయెను. ప్రక్కన కూర్చుండిన థామస్ సెల్ఫ్రిడ్జ్ అను యువ సైనికోద్యోగి మరణించెను. ఇంజను విమాన ప్రమాదములో మృతిచెందిన మొదటి మనిషి ఆయనయే. ఆర్విల్ కాలు, ప్రక్కటెముకలు విరిగెను. ఆయన ఆసుపత్రి మంచము మీదనే విరిగిన పంకా ముక్కలను తెప్పించుకొని పరిశీలించి కారణము కనిపెట్టెను. మరు సంవత్సరము అదే మైదానమునకు వచ్చి, మిగిలిన పరీక్షలు పూర్తి చేసెను.

సోదరులారా! పరీక్షా వైమానికుని పని యెట్టిదో ఇక్కడ తేటపడుచున్నది. కూలిన చోటనుండి కారణము ఏరుకొని తెచ్చుట. ఆ కారణమును దాచక లోకమునకు చెప్పుట. దిద్దుకొని మరల పైకి పోవుట.

ఇక నలుబది ఏండ్లు దాటి వత్తము. రెండవ ప్రపంచ యుద్ధకాలమునాటికి విమానముల వేగము గంటకు 400 మైళ్ళు దాటెను. పైనుండి నిట్టనిలువుగా దిగునపుడు కొన్ని విమానములు విపరీతముగా కంపించెడివి. వైమానికుడు ఎంత బలముగా లాగినను కర్ర కదలక బిగుసుకొని పోయెడిది. దీనికి కారణము శబ్దవేగమని శాస్త్రజ్ఞులు గ్రహించిరి.

ఇది మనకు తెలియని సంగతి కాదు. చెరువునకు ఆవలి గట్టున ఎవరైనను బట్టలు బండకేసి ఉతుకుచున్నప్పుడు, బట్ట బండను తాకుట ముందు కనబడును, చప్పుడు కొంత తరువాత వినబడును. శబ్దమునకు కూడ ఒక వేగమున్నది. అది నేలమీద గంటకు సుమారు 760 మైళ్ళు. 40,000 అడుగుల ఎత్తున చలి యెక్కువ గనుక సుమారు 660 మైళ్ళు. విమానము పోవుచున్నప్పుడు దాని ఒత్తిడి గాలిలో అలలుగా శబ్దవేగముతోనే ముందునకు సాగును. కాలువలో పడవ నెమ్మదిగా పోవునపుడు అలలు దానికంటె ముందుగా సాగిపోవుట చూచుచున్నాము గదా. పడవ అలలకంటె వేగముగా పోయినచో, అవి ముందునకు పోలేక ముక్కు దగ్గర గుట్టపడి, ఇరుప్రక్కల గట్లవలె విచ్చుకొనును. విమానము శబ్దవేగమును సమీపించునపుడు గాలియు ఇట్లే గుట్టపడి రెక్కలను, తోకను కొట్టును. దీనినే జనులు ధ్వని అవరోధమనిరి. దానిని దాటుట అసాధ్యమని తలచినవారును కలరు.

ఇంగ్లండులో తోకలేని ప్రయోగ విమానము ఒకటి ఉండెను. దాని పేరు డి.హెచ్. 108. విమానములు కట్టు డి హావిలండ్ గారి కుమారుడు జెఫ్రీ దానిని పరీక్షించుచుండెను. 1946 సెప్టెంబరు 27వ తేదీ సాయంకాలము థేమ్స్ నదీ ముఖద్వారము మీద అతివేగముగా పోవుచుండగా ఆ విమానము గాలిలోనే ముక్కలై, ఆయన మరణించెను. కన్నతండ్రి కట్టించిన విమానములో కుమారుడు పోయెను. అంతకు మూడేండ్ల క్రిందటనే మరియొక కుమారుడు జాన్ కూడ విమాన ప్రమాదముననే పోయెను. ఆ వృద్ధులడిగిన ప్రశ్న ఆ యింటివారిని ఎంత బాధించియుండునో మనము ఊహింపవచ్చును.

అదే కాలమున అమెరికాలో బెల్ కంపెనీవారు ఎక్స్-1 అను విమానమును సిద్ధము చేసిరి. తుపాకి గుండు శబ్దముకంటె వేగముగా పోయినను వంకర పోదు గనుక దాని ఆకారమునే విమానమునకు ఇచ్చిరి. రెక్కలు పలుచగా చేసిరి. ఇంజను రాకెట్టు. ద్రవరూప ప్రాణవాయువును, నీరు కలిపిన సారాయిని మండించి అది పనిచేయును. పూర్తి బలముతో మండినచో ఇంధనము రెండున్నర నిమిషములలో అయిపోవును. అందుచేత బి-29 అను పెద్ద విమానము పొట్టక్రింద దానిని తగిలించి, పైకి తీసికొనిపోయి విడిచెడివారు. ఇంధనము అయిపోయిన పిదప అది గ్లైడరువలె తేలుచు ఎండిన సరస్సు నేలమీద దిగెడిది.

దానిని నడపినవాడు 24 ఏండ్ల చార్లెస్ యేగర్. ఒక్కసారిగా అవరోధము మీదికి దూకలేదు. ఒక్కొక్క పర్యాయము కొంచెము కొంచెముగా వేగము పెంచుచు పోయిరి. శబ్దవేగములో 94 వంతులకు చేరగానే, ముక్కును పైకి క్రిందికి త్రిప్పు తోక చివరి పలక పనిచేయుట మానివేసెను. యేగర్ కర్రను లాగినను విమానము తలయెత్తలేదు. ఆయన వెంటనే ఇంజను ఆపి, దిగివచ్చి, ఉన్నదున్నట్లు చెప్పెను. ఆయన సహచరుడును ఇంజనీరును అగు జాక్ రిడ్లీ లెక్కలు వేసి, చివరి పలకను వదలి తోక అడ్డురెక్క మొత్తమును కొద్దికొద్దిగా త్రిప్పిన పనిచేయునని సూచించెను. ఆ యేర్పాటు విమానములో ముందే యుండెను. అట్లు చేసి, 1947 అక్టోబరు 14వ తేదీన సుమారు 43,000 అడుగుల ఎత్తున యేగర్ శబ్దవేగమును దాటెను. వేగము గంటకు సుమారు 700 మైళ్ళు.

ఈ విషయమున లోకము ఎక్కువగా చెప్పుకొను కథ వేరొకటి. అంతకు రెండు దినములకు ముందు యేగర్ గుఱ్ఱముమీదనుండి పడి రెండు ప్రక్కటెముకలు విరుగగొట్టుకొనెననియు, నొప్పితో తలుపు మూయలేకపోగా రిడ్లీ ఒక చీపురు కర్ర ముక్క నిచ్చెననియు ఆ కథ. అది నిజమే. యువకులకు వినుటకు ఇంపుగాను ఉండును. కాని ఆ గాయమును పై అధికారులకు దాచుట మెచ్చదగినది కాదని నా అభిప్రాయము. మెచ్చదగినది అంతకు ముందటి పని: పలక పనిచేయలేదని గ్రహించి వెనుకకు తిరిగివచ్చుట. నాటినుండి శబ్దముకంటె వేగముగా పోవు యుద్ధ విమానములలో తోక అడ్డురెక్క మొత్తము కదలునట్లు కట్టుట పరిపాటియైనది.

పాఠములన్నియు ఇంత చౌకగా లభింపలేదు. 1951 మొదలు 1955 వరకు అమెరికాలో నాలుగు రాకెట్టు విమానములు పేలిపోయెను. 1953 మే మాసమున జరిగిన ప్రేలుడులో ఇద్దరు మరణించిరి. ప్రతిసారియు కారణములు వెదకిరి గాని అసలు కారణము దొరకలేదు. నాలుగవ విమానము చెడిన పిదప దొరికినది. ప్రాణవాయువు తొట్టెల మూతలకు వేసిన తోలు వాషర్లు! తోలును పదును చేయుటకు దానిలో పట్టించిన రసాయనము, ద్రవరూప ప్రాణవాయువుతో కలిసినపుడు చిన్న దెబ్బకే ప్రేలును. అంతటి మహాయంత్రములను చెరచినది అరచేతిలో పట్టు తోలుముక్క. మొదటి ప్రేలుడునాడే ఆ తోలు మీద ఎవరికైనను అనుమానము కలిగియుండిన, తక్కిన మూడు విమానములును, ఆ ఇద్దరి ప్రాణములును దక్కియుండెడివి.

అదే యుగములో మరియొక ప్రమాదము. 1953 డిసెంబరు 12వ తేదీన యేగర్ ఎక్స్-1ఎ అను విమానములో శబ్దవేగమునకు 2.44 రెట్లు పోయెను. అంత వేగమున విమానము నిలకడ తప్పవచ్చునని కట్టిన ఇంజనీర్లు ముందే హెచ్చరించియుండిరి. అట్లే జరిగెను. ఒక్క నిమిషము లోపల సుమారు 50,000 అడుగులు బొంగరమువలె దొర్లుచు పడి, అదృష్టవశమున అదుపునకు తెచ్చుకొని దిగెను. అతివేగమున విమానము ఒక ప్రక్కకు ఒరిగినచో ఆ ఒరుగుడు పొడవు వైపునకును ప్రాకి మొత్తము గిరగిర తిరుగునని అప్పటికి తెలిసియే యున్నది.

తెలిసియున్నను మూడేండ్లకు ఏమైనది? 1956 సెప్టెంబరు 27వ తేదీన మిల్బర్న్ ఆప్ట్ అను వైమానికుని ఎక్స్-2 విమానములో పంపిరి. రాకెట్టు విమానమును నడపుట ఆయనకు అదియే మొదటిసారి. ఆ మొదటిసారియే ఆయన శబ్దవేగమునకు మూడు రెట్లు దాటెను. అంతకు ముందు ఏ మానవుడును అంత వేగముగా పోయియుండలేదు. వేగము తగ్గకముందే విమానమును వెనుకకు మలపెను. అది గిరగిర తిరిగిపోయెను. ముక్కుభాగమును విడదీసికొనెను గాని దానిలోనుండి బయటపడుటకు వ్యవధి లేకపోయెను. జెఫ్రీ డి హావిలండ్ మరణించి సరిగా పదేండ్లు, అదే తేదీ.

ఇక్కడ నేను వృద్ధుల పక్షమున నిలుతును. కొత్తవానిని తొలిపర్యాయమే కొసమెట్టు ఎక్కించుట సాహసము కాదు, తొందరపాటు. ఆ తొందరపాటునకు కర్రపట్టినవాని నొక్కనిని బాధ్యుని చేయుట కూడ న్యాయము కాదు. నేలమీద కూర్చుండి పంపినవారికిని అందు భాగమున్నది.

తరువాతి ప్రయోగ విమానము ఎక్స్-15. ఇట్టివి మూడు కట్టిరి. 1959 మొదలు 1968 వరకు 12 మంది వైమానికులు వాటిలో 199 పర్యాయములు ఎగిరిరి. గాలి రాపిడికి దాని పైతొడుగు 650 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాగెడిది గనుక నికెలు కలిపిన ప్రత్యేక లోహముతో దానిని చేసిరి. 1963 ఆగస్టు 22వ తేదీన జోసెఫ్ వాకర్ 3,54,200 అడుగుల ఎత్తునకు, అనగా సుమారు 108 కిలోమీటర్ల ఎత్తునకు పోయెను. అచ్చట ఆకాశము పగలే నల్లగా నుండును. 1962లో ఒక విమానము దిగునపుడు తలక్రిందులై జాన్ మెకే అను వైమానికుడు తీవ్రముగా గాయపడెను. ఆయన కోలుకొని మరల ఎగిరెను. ఆ విరిగిన విమానమునే బాగుచేసి, పొడిగించిరి. 1967 అక్టోబరు 3వ తేదీన విలియం నైట్ దానిలోనే గంటకు 4,520 మైళ్ళ వేగముతో పోయెను. చంద్రుని మీద మొదట కాలు మోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడ ఈ పన్నెండుగురిలో ఒకడు.

ఇన్ని జాగ్రత్తలతోను ఒక ప్రాణము పోయెను. 1967 నవంబరు 15వ తేదీన మైకేల్ ఆడమ్స్ సుమారు 2,66,000 అడుగుల ఎత్తునకు పోయినపుడు విద్యుత్ పరికరములలో కొంత కలత పుట్టెను. విమానము మెల్లమెల్లగా ప్రక్కకు తిరుగుచుండుట ఆయనకు తెలియలేదు. అడ్డముగా తిరిగి, గింగిరాలు కొట్టుచు దిగి, విరిగిపోయెను. విచారణ సంఘమువారు ఆయన ముందున్న సూచికను మరియొక సూచికగా పొరపడియుండవచ్చుననియు, తలతిరుగుడు కలిగియుండవచ్చుననియు వ్రాసిరి. అంతటితో ఆగక, విమానము ముఖము ఏ దిక్కుననున్నదో నేలమీది వారికి కూడ కనబడునట్లు సూచిక పెట్టవలెననియు, వైమానికులకు తలతిరుగుడు పరీక్ష చేయవలెననియు చెప్పిరి. చనిపోయినవాడు పొరబడెననుటతో విచారణ ముగిసిన, రెండవవాడును అట్లే పొరబడును. పొరపాటునకు దారితీసిన దానిని మార్చినప్పుడే ఆ మరణమునకు గౌరవము చేసినట్లు.

మన దేశమునకు కూడ ఈ చరిత్రలో స్థానమున్నది. 1956లో కర్ట్ టాంక్ అను జర్మన్ ఇంజనీరు బెంగుళూరునకు వచ్చి, హిందూస్థాన్ విమాన కర్మాగారమున మన ఇంజనీర్లతో కలిసి మారుత్ అను యుద్ధ విమానమును రూపొందించెను. అసలు విమానము కట్టుటకు ముందు, అంతే కొలతలతో కొయ్యతో ఒక గ్లైడరు చేసిరి. 1959లో డకోటా విమానమునకు త్రాడు కట్టి దానిని పైకి లాగుకొనిపోయి, విడిచి, అది ఎట్లు తేలునో ఎట్లు మలగునో పరీక్షించిరి. కొయ్యతో నేర్చుకొన్న పిదపనే లోహముతో కట్టిరి. 1961 జూన్ మాసమున వింగ్ కమాండర్ సురంజన్ దాస్ గారు మారుత్‌ను మొదటిసారి ఎగిరించిరి. 1964లో కిరణ్ అను శిక్షణ విమానమును మొదట నడపినదియు వారే. మన హైదరాబాదు సమీపమున దుండిగల్ లోని వైమానిక దళ అకాడమీలో ఎందరో యువకులు తరువాతి కాలమున ఆ కిరణ్ విమానముల మీదనే విద్య నేర్చిరి.

మారుత్‌కు తగిన ఇంజను దొరకలేదు. దాని ఆకారమునకు తగిన వేగము ఎన్నడును రాలేదు. ఆ లోపమును తీర్చు ప్రయత్నములో ఇంజను బలమును పెంచిన నమూనాను పరీక్షించుచు 1970 జనవరి 10వ తేదీన సురంజన్ దాస్ గారు బెంగుళూరులో ప్రాణము విడిచిరి. నేడు ఆ నగరమున ఒక రహదారికి వారి పేరున్నది. ఆ దారిన పోవువారిలో ఆయన ఎవరో ఎరిగినవారు ఎందరున్నారో! మారుత్ విమానములు 1971 యుద్ధమున పనిచేసెను. అటు తరువాత మన దేశమువారు స్వయముగా రూపొందించిన తేజస్ విమానమును 2001 జనవరి 4వ తేదీన వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ గారు మొదటిసారి ఎగిరించిరి. దానిని కూడ ముందు నేలమీద పరుగులు పెట్టించి, ఒక్కొక్క సంగతియే సరిచూచుకొనిరి.

ఈ విద్య నేర్పుటకు పాఠశాలలు కూడ వెలసినవి. ఇంగ్లండులో 1943లో స్థాపించిన పరీక్షా వైమానికుల పాఠశాల తన ముద్రికయందు పెట్టుకొన్న మాట యిది: పరీక్షింప నేర్చుకొనుము, నేర్చుకొనుటకై పరీక్షింపుము. అచ్చటి విద్యార్థులకు ఎగురుటతో పాటు వ్రాయుట కూడ నేర్పుదురు. దిగివచ్చిన వెంటనే ఏమి జరిగినదో, ఎంత వేగమున జరిగినదో, తానేమి చేసెనో, తానేమి చేయక తప్పిపోయెనో స్పష్టముగా వ్రాయలేనివాడు మంచి పరీక్షా వైమానికుడు కాలేడు.

ఇప్పుడు ఆ వృద్ధులకు నా సమాధానము. వారు ఈ సభలో ముందు వరుసలోనే కూర్చుండియున్నారు. అయ్యా, మీ ప్రశ్న న్యాయమైనది. ఈ ప్రయోగములలో పెక్కింటికి యుద్ధములే ప్రేరణ యనుట కూడ దాచను. తొందరపాటుతో పోయిన ప్రాణములున్నవి. వాటిని సాహసమని పొగడి మరుగుపరచుట తప్పు. కాని నూతిలో దూకినవాడు తన వెంట ఏమియు తీసికొనిరాడు. ఈ వైమానికులు తెచ్చిరి. కొందరు తమ నోటితో చెప్పిరి, కొందరి విరిగిన యంత్రములు చెప్పినవి. నేడు మన పల్లెలనుండి గల్ఫ్ దేశములకు కూలికి పోవు యువకుడు గాని, అమెరికాలో నున్న బిడ్డను చూడబోవు తల్లి గాని విమానమెక్కి నిశ్చింతగా కునుకు తీయుచున్నారు. వారు కూర్చుండిన విమానపు మాదిరిని వారికంటె ముందు ఎవరో పరీక్షించి, ఎక్కడ తప్పునో తెలిసికొని, ఆ తప్పును వ్రాసిపెట్టినందుననే ఆ నిద్ర. వారికి ఇంటియొద్ద ఆలుబిడ్డలుండిరి. మనకును ఉన్నారు గనుక వారి ఋణము మనపై నున్నది.

చివరగా కార్యవర్గమువారికి ఒక విన్నపము. ఈ గ్రంథాలయములో ఇతరులు వ్రాసిన పుస్తకములు బీరువాల నిండ నున్నవి. వాటి ప్రక్కన తెల్లకాగితముల పెద్ద పుస్తకము నొకటి ఉంచుడు. మన ఊరివారు కొత్తగా ఏది చేసి చూచినను దానిలో వ్రాయనిండు. ఏ వంగడము ఏ పొలములో వేసిన ఏమైనది, ఏ బావిలో ఎన్ని అడుగులకు నీరు పడినది, ఏ మందు చల్లిన ఏ తెగులు తగ్గలేదు అను సంగతులు, ముఖ్యముగా నష్టపోయినప్పటి సంగతులు, తేదీ వేసి సిగ్గుపడక వ్రాయవలెను. లాభము వచ్చినప్పుడు ఎవరైనను నలుగురికి చెప్పుదురు. నష్టమును చెప్పుటకే ధైర్యము కావలెను. ఒకరి మడి ఎండిన సంగతి తెలియక నలుగురు తమ మడులు ఎండబెట్టుకొనుట మన పల్లెలలో కొత్త కాదు.

మరి ఇరువదియైదు సంవత్సరములకు ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనును. ఆనాడు మాటలాడువారు ఆ పుస్తకమును చేతబట్టుకొని చదువునట్లు అనుగ్రహింప కోరుచున్నాను.